కదలకండి, చెవి కనపడాలి

మొన్న భీమవరంలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. కళ్యాణమండపం గుమ్మంలోనే ఒక కుర్రాడు నన్ను ఆపాడు. మెడలో రెండు కెమెరాలు, చేతిలో ఒకటి, నెత్తిమీద తూనీగలా గింగిరాలు కొడుతున్న యంత్రం ఇంకొకటి. సరిహద్దుకు వెళ్ళే సైనికుడికి కూడా అంత సరంజామా ఉండదు. నేను వెంటనే చొక్కా సర్దుకుని, పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. కుర్రాడు నావంక జాలిగా చూసి, "అలా బిగుసుకుపోకండి అంకుల్. నన్ను చూడొద్దు. ఊరికే అలా కదులుతూ ఉండండి, నేను తీసేసుకుంటాను" అన్నాడు. కదలమన్నాడు కదా అని కదిలాను. ఎక్కడ ఆగాలో మాత్రం చెప్పలేదు. అలా కదిలి కదిలి పెళ్ళివారిని దాటి, వంటశాల దాటి, బూరెలు వేగుతున్న మూకుళ్ళు దాటి, వెనక గేటులోంచి కాలవ గట్టు మీద తేలాను. అక్కడ నిలబడి ఆలోచిస్తే తట్టింది, నా జన్మలో ఒక ఫోటోగ్రాఫరు నన్ను కదలమనడం అదే మొదటిసారి అని. నాకు తెలిసిన ఫోటోగ్రాఫరు ఒకే ఒక్క మాట మీద బతికాడు. ఆ మాట "కదలకండి". ఆ ఫోటోగ్రాఫరు మా బావ, మా అక్క మొగుడు.

విచిత్రం ఏంటంటే, గోదావరి రెండు పాయల మధ్య మా బావంత కదిలే మనిషి ఇంకొకడు పుట్టలేదు. అన్నం తినడం మొదలుపెడితే పప్పు ముందుగదిలో, పులుసు వంటింట్లో, పెరుగు వీధి అరుగు మీద అయ్యేది. మా అక్క పెరుగు గిన్నె పట్టుకుని వెనకాల నడిచేది. పెళ్ళయిన మొదటి పదేళ్ళలో ఆ నడిచిన దూరమంతా కలిపితే కాశీకి వెళ్ళి, గంగలో మునిగి, తిరిగి ఇంటికి వచ్చేసేదాన్నని ఇప్పటికీ అంటుంది. క్షౌరం చేసే ఆయన మా బావను చూస్తే పొది సర్దేసుకునేవాడు. మా బావ మీసం ఒకవైపు ఎప్పుడూ కొంచెం పొట్టిగా ఉండటానికి కారణం ఫ్యాషను కాదు. సినిమాహాల్లో టిక్కెట్టు కొనుక్కుని మరీ నిలబడి చూసేవాడు. వృత్తులూ అంతే. సైకిలు షాపు పెట్టాడు, అద్దెకిచ్చిన సైకిళ్ళకన్నా ముందు తనే ఊరు దాటిపోయాడు. ఐసు ఏజెన్సీ తీసుకున్నాడు, ఆయన ఊరంతా తిరిగి వచ్చేసరికి ఐసు నీళ్ళయిపోయింది. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాడు. తర్వాత మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువు. అప్పట్లో తెగులొచ్చి అందరి చెరువులూ పోయాయి కానీ, మా బావ చెరువు తెగులు రాకముందే పోయింది. గట్టు మీద ఆయన అటూ ఇటూ తిరిగే చప్పుడుకు రొయ్యలు బెంగపెట్టుకుని తిండి మానేశాయని ఊళ్ళో చెప్పుకునేవారు. నేను స్వయంగా రొయ్యలను అడగలేదు కాబట్టి ఖచ్చితంగా చెప్పలేను.

ఇక్కడ కుర్చీ సంగతి చెప్పాలి. పాలకొల్లు పక్కన మా ఊళ్ళో నాన్నగారికి ఎరువుల కొట్టు ఉండేది. ఆ కొట్లో గల్లాపెట్టె వెనకాల ఒక టేకు కుర్చీ. దాన్ని కుర్చీ అనడం నాకు నోరు రాదు, అదొక జైలు. మా తాతగారు అందులో కూర్చుని ముసలివారయ్యారు, నాన్నగారు అందులోనే కూర్చుని ముసలివారవుతున్నారు. ఇద్దరి ఆకారమూ కలిసి దాని మెత్త మీద ఒక గుంట పడింది. ఎవరు కూర్చున్నా ఆ గుంట వాళ్ళని తనలోకి సర్దేసుకునేది. చుట్టూ యూరియా బస్తాలు, ముక్కులో పురుగుమందు వాసన, ఎదురుగా కాలవ, కాలవ అవతల వెళ్ళిపోతున్న బస్సులు. అందులో కూర్చున్నవాడికి ప్రపంచమంతా వెళ్ళిపోతూనే కనిపిస్తుంది. దసరా వెళ్ళాక ఒక పొద్దున్న పెసరట్లు తింటూ నాన్నగారు ప్రకటించారు. "నా మోకాళ్ళు ఇక లాభం లేదు. ఉగాదికి నేను కుర్చీలోంచి లేస్తున్నాను. కొడుకో, అల్లుడో, ఎవరో ఒకరు కూర్చోండి. ఎవరూ కూర్చోకపోతే తాళం వేసేసి తాళంచెవి గోదాట్లో పారేస్తాను."

ఆ పూట నాకు ఇంకో పెసరట్టు దిగలేదు. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి. మందుల కంపెనీ రిప్రజెంటేటివు ఉద్యోగం. స్కూటరు, తోలుసంచీ, మెడకు టై. సోమవారం రాజమండ్రి, మంగళవారం కాకినాడ, ఆ తర్వాత జంగారెడ్డిగూడెం. డాక్టర్లు నన్ను పలకరించకపోయినా దారిలో జీడిమామిడి తోటలు పలకరించేవి. నేనూ మా బావ జాతివాణ్ణే, కాకపోతే నా తిరుగుడుకు జీతం ఇచ్చేవారు. అంచేత నాన్నగారి తీర్పు ఎలా ఉంటుందో ఊహించుకుని మనసు కుదుటపరచుకున్నాను. నాకు వృత్తి ఉంది, బావకు లేదు. న్యాయంగా కుర్చీ బావది. బావకూ ఆ సంగతి తెలుసు. ఆయన తింటున్న పెసరట్టు పట్టుకుని అప్పటికే పెరట్లోకి వెళ్ళిపోయాడు. మా అక్క వెనకే వెళ్ళి, "ఏవండీ, ఉగాది దాకా చూస్తాను. ఈలోగా మీకంటూ ఒక పని కుదిరిందా, సరే. లేదంటే బుద్ధిగా కూర్చోవాలి. కూర్చోకపోతే నేనే తాడేసి కట్టేస్తాను" అంది. మా అక్క ఉత్తుత్తి మాటలు చెప్పే మనిషి కాదు. ఇంట్లో తాడు కూడా ఉంది.

మర్నాడే మా బావ కెమెరా కొన్నాడు. నరసాపురం నుంచి మస్కట్ వెళ్ళి వచ్చిన ఒకావిడ తెచ్చుకున్న కెమెరా అది. దాంతోపాటు వచ్చిన పుస్తకం అరబ్బీలో ఉంది. మా బావ దాన్ని ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకూ తిరగేసి, బొమ్మలు చూసి అర్థమైందన్నాడు. నలభై ఏడో ఏట ఫోటోగ్రాఫరు కావాలని నిశ్చయించుకుని పాలకొల్లులో స్టూడియో ఆయన దగ్గరికి వెళ్తే, ఆయన పాపం మర్యాదస్తుడు, కుర్చీ వేసి మరీ కాదన్నాడు. "మీకీ వయసులో ఇదేంటండీ? ఇది చిన్నప్పటినుంచీ చేతిలో ఉండాలండి. పైగా మీరు ఇందాకట్నుంచీ ఆ తెర వెనక్కీ ముందుకీ తిరుగుతున్నారు. ఫోటోగ్రాఫరన్నవాడు ముందు తను కదలకూడదండి." ఆ మాట మా బావకు బాగా తగిలింది. కూర్చుని బాధపడే అలవాటు లేదు కాబట్టి ఊరంతా తిరిగి బాధపడ్డాడు. మొదటి రీలు కడిగించుకొస్తే అందులో మా ఇల్లు పడవలా ఊగుతోంది, మా అక్కకు మూడు ముక్కులు, తులసికోట పరుగెడుతోంది. నాన్నగారు ఆ ఫోటోలు చూసి, కుర్చీ మెత్తను ఎండలో వేయించారు.

అప్పుడు గేదెలు రక్షించాయి. ఆ రోజుల్లో బ్యాంకువారు గేదెలకు అప్పులిచ్చి, బీమా కోసం గేదెకు చెవిలో ఒక బిళ్ళ వేసి, ఆ బిళ్ళ కనపడేలా యజమానితో కలిపి ఫోటో తీయించేవారు. పాలకొల్లు స్టూడియో ఆయన తెల్ల ప్యాంటు మనిషి, గేదెల పాకలోకి రానన్నాడు. బ్యాంకు ఫీల్డాఫీసరు మా కొట్టుకు వచ్చి గోడు వెళ్ళబోసుకుంటుంటే మా బావ మధ్యలో దూరి, "నేను తీస్తానండి" అన్నాడు. ఆఫీసరుగారు పెట్టిన షరతు ఒకటే, "ముఖం ఎలా ఉన్నా పరవాలేదండి. చెవి కనపడాలి." మా బావ నేర్చుకున్న ఫోటోగ్రఫీ శాస్త్రం మొత్తం ఆ ఒక్క ముక్కే.

మొదటి పాకలో నేను పక్కనే ఉన్నాను. ఏనుగుకు చెల్లెలి వరసయ్యే ముర్రా గేదె, దాని పక్కన చలువచేసిన చొక్కాలో రైతు. మా బావ కెమెరా కంటికి ఆనించి, "కదలకండి" అన్నాడు. రైతు కదలకుండానే, "గేదెనట్టుకుని అండీ గిండీ అంటారేంటండీ?" అన్నాడు. "మీ ఇద్దర్నీ కలిపి అన్నానండి. మిమ్మల్ని విడిగా ఏమననూ?" అన్నాడు మా బావ. గేదెకు మర్యాద నచ్చలేదు, అవతలికి తిరిగి నిలబడింది. మా బావ అటు వెళ్ళాడు, అది ఇటు తిరిగింది. ఇలా ఆ పాకలో ఇద్దరూ ఎన్ని ప్రదక్షిణలు చేశారో చెబితే మీరు నమ్మరు. చివరికి ఇంటావిడ విసుగొచ్చి, తవుడు బాల్చీ తెచ్చి పక్కగా నిలబడి దాని అంచు మీద తట్టింది. అంతే! గేదె తల అటు తిరిగింది, చెవి కెమెరా వైపు నిక్కింది, కళ్ళలో తవుడు మీది ఆశంతా వెలిగింది. మా బావ మీట నొక్కాడు. ఆ ఫోటోలో గేదె ఎంత కళగా ఉందంటే, పెళ్ళిచూపులకు పంపితే ఎదురు కట్నం వచ్చేది. రైతు మాత్రం శిలావిగ్రహంలా పడ్డాడు. పాపం, ఆయన కోసం ఎవరూ బాల్చీ తట్టలేదు.

ఆ తర్వాత మా బావ ఫోటోలు ఊగడం మానేశాయి. ఎందుకు మానేశాయో నాకు చాలాకాలం తెలియలేదు. ఆయన కదలడం మానలేదు, గేదె కదిలినట్టు తనూ కదలడం నేర్చుకున్నాడు. ఊళ్ళో గేదెలన్నీ అయిపోయి, పక్క ఊళ్ళ గేదెలు కూడా అయిపోవచ్చాయి. నాకు గుబులు పట్టుకుంది. కానీ నాన్నగారు, "గేదెలు వృత్తి కాదు అల్లుడు గారూ. మనుషుల్ని తీయండి, చూద్దాం" అన్నారు. నేను మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాను.

మాఘమాసం వచ్చింది. ఒకే ముహూర్తానికి జిల్లాలో సగంమందికి పెళ్ళిళ్ళు కుదిరాయి, పాలకొల్లు స్టూడియో ఆయన్ని ఎవరో ముందే బుక్ చేసుకున్నారు. పక్క ఊరి పెద్దరైతుగారు తన కూతురి పెళ్ళికి ఫోటోగ్రాఫరు దొరక్క తిరిగి తిరిగి మా బావ దగ్గరికి వచ్చారు. "మా గేదెలు బాగా పడ్డాయండి మీ చేతిలో. వాటినే అంత అందంగా తీసిన మనిషి మా అమ్మాయిని తీయలేరా?" పెళ్ళికూతురు ఈ మాట విన్నదో లేదో నాకు తెలియదు. వినలేదనే అనుకుందాం. ఈ పెళ్ళి ఫోటోలు కుదిరితే బావకు వృత్తి కుదిరినట్టే. చెడితే ఉగాదికి కుర్చీ. నేను కంపెనీకి సెలవు పెట్టి, లైటు పట్టుకునే ఉద్యోగంలో చేరాను. బావకు సాయం చేద్దామని కొంత, బావ కుర్చీలో పడటం దగ్గర్నుంచి చూద్దామని మిగతా.

పెళ్ళిపందిట్లో అంతా చెడింది. మా బావ "కదలకండి" అనగానే మేనమామలు వరసగా బిగుసుకుపోయారు. మీసాల వెంట్రుకలు కూడా నిటారుగా నిలబడ్డాయి. పెళ్ళికూతురు కళ్ళార్పడం మానేసింది, పెళ్ళికొడుకు ఊపిరి మానేశాడు. అంతమందిని అలా చూస్తే పోలీసు స్టేషన్లో గోడకు నిలబెట్టినట్టుంది. మా బావకు చెమటలు పట్టాయి. అటు పరుగెత్తాడు, ఇటు పరుగెత్తాడు, అరటిబోదె గుద్దుకున్నాడు. జీలకర్ర బెల్లం ముహూర్తం దగ్గరకొచ్చేసింది. ఆయన నా చెవి దగ్గరకొచ్చి, "ఒరేయ్, వీళ్ళకన్నా గేదెలు నయంరా. అవి నెమరైనా వేస్తాయి. బాల్చీ తేరా!" అన్నాడు.

పెళ్ళిలో తవుడు బాల్చీ ఎక్కడ తేను? వంటశాలలోకి పరుగెత్తి సాంబారు బకెట్టూ, గరిటే ఎత్తుకొచ్చాను. లైటు చంకలో ఇరికించుకుని, మండపానికి ఓ పక్కగా నిలబడి, పురోహితుడు గట్టిమేళం అనబోయే ముందు బకెట్టు అంచు మీద గరిటెతో ఠంగున కొట్టాను. గోదావరి జిల్లాల పెళ్ళిలో సాంబారు బకెట్టు చప్పుడుకు తిరగని తల ఇంతవరకు పుట్టలేదు. బంతి లేస్తోంది, మనకు ఆకులు వేస్తున్నారు కాబోలు అని పందిరి పందిరంతా నావైపు తిరిగింది. మేనమామల మీసాలు సడలి పెదవులు విచ్చుకున్నాయి. పొద్దుటినుంచీ ఉపవాసం ఉన్న పెళ్ళికూతురి ముఖంలో పున్నమి వెలిగింది. పెళ్ళికొడుకు ఆమె నెత్తిన చెయ్యి పెట్టి బకెట్టుకేసి చూశాడు. పురోహితుడు మంత్రం ఆపలేదు కానీ తల మాత్రం తిప్పాడు. మా బావ అందరి మధ్యలోంచీ ఈదుతున్నట్టు కదులుతూ మీట నొక్కుతూనే ఉన్నాడు. ఆ పూట నేను గరిటె ఎన్నిసార్లు మోగించానంటే, రెండో బంతి కూర్చోకముందే జనానికి సగం కడుపు నిండిపోయింది.

ఆల్బం తయారై వచ్చిన రోజు ఉన్నంత సంతోషంగా నేను జీవితంలో ఎప్పుడూ లేను. మొదటి పేజీ తిప్పితే చెవి. రెండో పేజీ చెవి. పెద్ద చెవులు, చిన్న చెవులు, వెంట్రుకలున్న చెవులు, మేనమామల తమలపాకు చెవులు. అందరూ పక్కకు తిరిగి ఎవరికేసో ఆశగా చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నది నన్నే. ఊరంతా నన్ను అంత ప్రేమగా చూసిన ఆల్బం అదొక్కటే, అందులో నేను ఎక్కడా లేను. పోనీలే, కుర్చీ బావది ఖాయం అనుకుంటూ, ఆల్బం ఇచ్చి రావడానికి ఆయన వెంట నేనూ వెళ్ళాను.

రైతుగారి ముందుగదిలో రెండు వైపులవాళ్ళూ కూర్చున్నారు. పెళ్ళికొడుకు తల్లి పేజీలు తిప్పీ తిప్పీ, "మావాడి ముఖం ఏదండీ ఇందులో?" అంది. మా బావ కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూ, "చెవి పక్కనే ఉందండి" అన్నాడు. ఆవిడ ఆల్బం మూసేసింది. రైతుగారు తల దించుకున్నారు. నేను మనసులో కుర్చీ మెత్తకు నమస్కారం పెట్టి బావకు అప్పగించేశాను. అప్పుడు రైతుగారి అమ్మగారు, మూలన మంచం మీదున్న ముసలావిడ, ఆల్బం ఇలా ఇమ్మంది. కళ్ళజోడు తుడుచుకుని కిటికీ దగ్గరికి జరిగి మనవరాలి బొమ్మ మీద వేలు పెట్టింది. "నా దుద్దులు!" అంది.

ఆవిడ పెళ్ళికి పెట్టిన ఏడురాళ్ళ రవ్వల దుద్దులట అవి. తన చెవులనుంచి తీసి మనవరాలికి పెట్టింది. "మా పెద్ద మనవరాలి పెళ్ళికీ దుద్దులు పెట్టామర్రా, ఆ స్టూడియో ఆయన ఒక్క ఫోటోలోనన్నా పడనిచ్చాడా? అందరివీ గుండ్రటి ముఖాలు, అప్పాలు పంచిపెట్టినట్టు. ఇదిగో, ఏడు రాళ్ళూ లెక్కపెట్టుకోవచ్చు. బుట్టలు చూడు, మాటీలు చూడు." పక్కావిడ వంగి చూసింది. ఆవిడకు తన జూకాలు కనిపించాయి. వెనకావిడకు తన చెంపస్వరాలు కనిపించాయి. కాసేపటికి పెళ్ళికొడుకు తల్లి కూడా ఆల్బం తన వైపు లాక్కుని తన కమ్మలు వెతుక్కుంది, దొరికాయి. ముసలావిడ మాత్రం ఇంకా మనవరాలి బొమ్మే చూస్తోంది. "పిల్ల ముఖంలో ఎంత కళ వచ్చిందర్రా! ఎవర్ని చూసి నవ్విందో!" అంది. నేను బకెట్టు సంగతి చెప్పలేదు. కొన్ని మర్యాదలు ఉంటాయి.

ఆ వారంలోనే ఆచంట, పెనుగొండ, మార్టేరు, ఎక్కడ బంగారం ఉంటే అక్కడినుంచల్లా మా బావకు పిలుపులు వచ్చాయి. ఉగాది రోజు పచ్చడి తిన్నాక నాన్నగారు కుర్చీలోంచి లేచి నావైపు చూశారు. "నాకు ఉద్యోగం ఉంది కదా నాన్నా" అన్నాను. "మందుల సంచీ మోసేవాళ్ళు కంపెనీకి వెయ్యిమంది దొరుకుతారురా. చెవులు తీసేవాడు జిల్లాకు ఒక్కడే" అన్నారు. అంతకన్నా తిరుగులేని వాదన నేను ఇప్పటికీ ఏ కోర్టులోనూ వినలేదు. కూర్చున్నాను. గుంట నన్ను సర్దేసుకుంది.

ఇప్పుడు మా బావకు డెబ్బై దాటాయి. కెమెరాలు మారాయి, రీళ్ళు పోయాయి, దుద్దులకోసం ఫోటోలు తీయించుకునేవాళ్ళూ తగ్గారు. మధ్యలో కొన్నాళ్ళు గల్ఫు వెళ్ళే ఆడవాళ్ళ పాస్‌పోర్టు ఫోటోలకు చెవులు కనపడాలని ఎవరో అంటే, ఆ విద్య నాకెప్పుడో వచ్చని మీసం మెలేశాడు, పొట్టిగా ఉన్న వైపే. రోజూ సాయంత్రం మా కొట్టుకు వస్తాడు. "కూర్చో బావా" అంటాను. "ఎందుకురా, ఇప్పుడే వెళ్ళిపోతాను" అంటాడు. ఆ ఇప్పుడే కొట్టు కట్టేసేదాకా సాగుతుంది. బస్తాల మధ్య తిరుగుతూ ఏ పెళ్ళిలో ఏ చెవి చూశాడో చెబుతూనే ఉంటాడు. నేను కుర్చీలోంచి వింటూ, కాలవ అవతల వెళ్ళిపోయే బస్సుల బోర్డులు చదువుకుంటూ ఉంటాను. రాజమండ్రి. కాకినాడ. జంగారెడ్డిగూడెం.

గల్లాపెట్టె వెనక గోడకు ఒక ఫోటో ఉంది. ఆ ఉగాదినాడు తీసిందే. బావ కెమెరాను బస్తా మీద సిద్ధం చేసి అక్కకు అప్పగించి, "ఇక్కడ నొక్కు. ఒరేయ్, కదలకు, చెవి కనపడాలి" అంటూ మా మధ్యలోకి పరుగెత్తుకొచ్చాడు. ఫ్లాషు వెలగలేదు, కొట్లో వెలుతురు చాలక కెమెరా కన్ను చాలాసేపు తెరుచుకునే ఉంది. నాన్నగారు మోకాలు నొప్పికి కొంచెం వంగారు, అంచేత ఆయన అంచులు మసకబారాయి. బావ ఉన్నచోట ఒక తెల్లటి గీత, గాలికి ఎగిరిన పంచెలాగ. ఇన్నేళ్ళయినా ఇంకా వస్తూనే ఉన్నాడు. కుర్చీలో నేనొక్కణ్ణే స్పష్టంగా పడ్డాను, చెవి మీద వెంట్రుకలతో సహా. కాలం నన్ను ఇంత బాగా తీస్తుందని తెలిసుంటే, ఆ రోజు కాస్త కదిలి ఉండేవాణ్ణి.